చేర్మన్ రుమాలు కూర్చున్న కుర్చీ

మొన్న మా ఊరి బడిలో కొత్త గదుల ప్రారంభోత్సవానికి వెళ్ళి షామియానా కింద అలా కూర్చున్నానో లేదో, నాలుగు చినుకులు పడ్డాయి, ఆ చినుకులతోపాటే ముందు వరుసలోంచి తడిసిన గొర్రెబొచ్చు వాసన ఒకటి లేచి వచ్చి నా ముక్కుకు తగిలింది. సోలార్ పార్కు వాళ్ళు కట్టించిన గదులవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆఫీసర్లు, వాళ్ళ మెడల్లో వేలాడే కార్డులు, వాళ్ళ చొక్కాల మీది సెంటు, గోడల కొత్త రంగు, మైకులో కన్నడంలో స్వాగతం చెబుతున్న టీచరమ్మ గొంతు, వీటన్నిటి మధ్య ఆ వాసనకు అసలు చోటే లేదు. తడిసిన కంబళి వాసన అది. ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. కొంచెం పాలు, కొంచెం పొగ, కొంచెం చింతగింజల గంజి, కొంచెం ఎండిన గడ్డి కలిసి, బాగా తెలిసిన మనిషెవరో మాట్లాడకుండా వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ముందు వరుసలో ఎర్ర మఖమలు గుడ్డలు తొడిగిన కుర్చీలు వేశారు. వాటిలో సరిగ్గా నడిమిది, పెద్ద ఆఫీసరు పక్కది, మా గ్రామ పంచాయితీ అధ్యక్షురాలిది. ఆ కుర్చీలో మనిషి లేదు. మడతపెట్టిన పాత నల్ల కంబళి ఒకటి బుద్ధిగా కూర్చొని ఉంది.

ఏర్పాట్లు చూసే కుర్ర ఆఫీసరు ఒకతను, ఎవరో మరిచిపోయిన సామాననుకొని దాన్ని తీయబోయాడు. “ఉండనీ నాయనా, ఆమె మా అధ్యక్షురాలు” అన్నాను వెనక నుంచి. అతను కంబళిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కంబళిని చూశాడు. తెలుగూ కన్నడమూ కలిసి నడిచే మా పావగడ బజారులో గాజుల అంగడి నడిపే నన్ను అక్కడ ఎరగనివాళ్ళు లేరు, నోరు తెరిస్తే కోతలు కోస్తానని నాకు పేరు కూడా ఉంది, కానీ అతను కొత్తవాడు కాబట్టి ఆ సంగతి తెలియక ఆగిపోయాడు. ఆ కంబళి కథంతా అతనికి చెబుదామనే అనుకున్నాను. ఇంతలో ప్రార్థన పాట మొదలైంది. అందుకని మీకు చెబుతున్నాను.

మా తాత మా ఊరి పంచాయితీకి చేర్మన్. ఇప్పుడు సోలార్ పార్కు అద్దాల పలకలు నల్లటి చెరువులాగా చూపు ఆనినంత దూరం పరుచుకొని ఉన్న ఆ బయలంతా అప్పుడు శనక్కాయ చేలు. ఆషాఢం వస్తే నిడుగల్లు కొండ మీదినుంచి గాలి దిగేది. ఆ గాలికి మా ఊళ్ళో కోళ్ళు అడ్డంగా నడిచేవి. బక్కపలచని మా బడి అయ్యవారు జేబుల నిండా గులకరాళ్ళు పోసుకొని వచ్చేవాడు, రాళ్ళు మరిచిపోయిన రోజున గాలికి కొట్టుకొనిపోయి మంగళవాడలో దిగి, అక్కడి పిల్లలకు పాఠం చెప్పి, గాలి తగ్గాక పొద్దుగూకే వేళకు నడిచి వచ్చేవాడు. ఆ గాలి అణిగి నేల పదునైతే ఇంటింటా విత్తనాలు వలిచే పని పడేది. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు శనక్కాయలను బొటనవేలితో టపటప చిదిపి గింజలు చేటల్లోకి రాలుస్తుంటే, పిల్లలం నోట్లో వేసుకున్నవి పోగా మిగిలినవే భూమి దాకా చేరేవి. కాయ పీకే కాలంలో ప్రతి ఇంట్లోనూ పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెడితే ఆ ఆవిరి ఊరి మీద దుప్పటిలాగా పరుచుకొనేది. ఆ దుప్పటి కింద అచ్చనగాయలు ఆడుతూ, సజ్జరొట్టె మీద హుచ్చెళ్ళ పొడి, అదే వెర్రినువ్వుల పొడి, అద్దుకొని తింటూ, నేను తాత వేలు పట్టుకొని తిరిగాను.

చేర్మన్ అంటే ఆఫీసులో కూర్చొని సంతకాలు పెట్టేవాడని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. మా తాతకు సంతకాల కన్నా నడక ఎక్కువ. సోమవారం చావడి ముందర కానుగ చెట్టు నీడలో పంచాయితీ. ఎవరి మేక ఎవరి చేలో పడింది, గట్టు ఎవరు జరిపారు, అత్త కోడలికి కూడు ఎందుకు పెట్టలేదు. మంగళవారం బస్సెక్కి పావగడ తాలూకాఫీసుకు పోయి, అక్కడ ఒక్కో బల్ల ముందు కాసేపు నిలబడి రావడం. ఆ తరువాత వారం దాని ఇష్టం వచ్చినట్టు నడిచేది. వై.ఎన్.హొసకోటలో ఎవరో బట్టల అంగడి తెరుస్తుంటే రిబ్బను కత్తిరించాలి. బోరింగు బాగుచేసే మనిషి వస్తే అతను బిగించేటప్పుడల్లా పక్కన నిలబడి తానూ మూలగాలి. నాటకం వేస్తే తెర లేవకముందే పోయి టెంకాయ కొట్టాలి. కబడ్డీలో గెలిచినవాళ్ళకు స్టీలు చెంబు ఇచ్చి, ఓడినవాళ్ళ పక్కన కూర్చొని, ఈల ఊదినవాడికి కండ్లు కనపడవని ఒప్పుకోవాలి. ఇవిగాక పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సీమంతాలు, బిడ్డలకు పేరు పెట్టే దినాలు. చేర్మన్ వచ్చి కూర్చోకపోతే ఆ ఇంట్లో అన్నం కుదురుగా ఉడకదని ఒక నమ్మకం.

అలాంటి పనులకు పోయేటప్పుడు మాత్రమే తాత తలకు రుమాలు చుట్టేవాడు. మా వైపు తలపాగాను రుమాలు అంటారు. మామూలు రోజుల్లో గళ్ళ తువ్వాలే, ఇంట్లో భుజం మీద, వీధిలో తల మీద. రుమాలు వేరు. పాలనురుగు లాంటి తెల్ల గుడ్డ, ఒక అంచున సన్నటి జరీ. అవ్వ దాన్ని గంజిలో ముంచి పిండి, ఒక కొస తాను పట్టుకొని ఇంకో కొస నాకు ఇస్తే, వీధి ఈ చివర నేను, ఆ చివర అవ్వ నిలబడి ఆరబెట్టేవాళ్ళం. అది ఆరిందాకా ఎద్దులబండ్లు అటువైపు అటే, ఇటువైపు ఇటే ఆగేవి. ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు తాత దాన్ని చుట్టుకొంటుంటే గంజి వాసన, తాత వేసుకొన్న వక్కాకు వాసన కలిసి, నాకు అదే ప్రభుత్వం వాసన అని గట్టిగా నమ్మకం ఉండేది.

ఒక వైశాఖంలో ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు పడ్డాయి. రెండూ మాటల్లేని దాయాదుల ఇళ్ళు. నువ్వు రాకపోతే పీట మీద కూర్చోబెట్టేది లేదని రెండు ఇళ్ళవాళ్ళూ పట్టుబట్టారు. తాత బాగా ఆలోచించి, తాను తువ్వాలు చుట్టుకొని ఒక ఇంటికి పోయి, ఇంకో ఇంటికి రుమాలును ఇత్తడి పళ్ళెంలో పెట్టి తలారి ఓబన్న చేతికిచ్చి పంపించాడు. తల లేని రుమాలు గొప్పదా, రుమాలు లేని తల గొప్పదా అని ఆ దాయాదులు మళ్ళీ ఉగాది దాకా కొట్లాడుకున్నారు. కొట్లాడాలంటే మాట్లాడాలి కదా, ఆ రకంగా వాళ్ళకు మాటలు కలిశాయి. అప్పటినుంచి అదొక ఆచారమైపోయింది. చేర్మన్ పోలేని చోటికి రుమాలు పోవడం, దానికి కుర్చీ వేయడం, మొదటి తాంబూలం దానికే ఇవ్వడం, దాని ముందర ఎవరూ కాలు మీద కాలు వేసుకోకపోవడం.

తాతతో కన్నా రుమాలుతో పోవడమే నాకు ఇష్టంగా ఉండేది. రుమాలు తొందరపెట్టదు. దానికి విస్తరి వేసి ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం అన్నీ వడ్డిస్తే, దాని తరఫున ఓబన్న తినేవాడు, మనవరాలి తరఫున నేను తినేదాన్ని. “రుమాలుకు పులుసు నచ్చింది, ఇంగొంచెం పొయ్యమంటాండాది” అనేవాడు ఓబన్న గంభీరంగా. ఒక సీమంతంలో చెవులూ కళ్ళూ సరిగా లేని ముసలమ్మ ఒకామె వచ్చి రుమాలు ముందర కూర్చొని మోకాళ్ళ నొప్పులు, కొడుకు సంగతి, కోడలి సంగతి అంతా వెళ్ళబోసుకొని, లేచి పోతూ “చేర్మన్ ఇంత కుదురుగా ఎప్పుడూ విన్లేదు” అని కండ్లు తుడుచుకొంది. ఒక గట్టు తగాదాలో అయితే ఇద్దరూ రుమాలు ముందర వంతులేసుకొని అరిచి, అది అడ్డం రాకపోయేసరికి అలిసిపోయి రాజీ పడ్డారు. “ఆయన కంటే అదే నయం. అడిగినోళ్ళకంతా సరే అనదు” అనేది మా అవ్వ. తిరిగి వచ్చే దారిలో ఓబన్న పళ్ళెం తల మీద పెట్టుకొని, రుమాలు ఈ రోజు ఒకసారి దగ్గిందనో, పెళ్ళికూతురిని చూసి తల ఊపిందనో చెప్పేవాడు. నాకు కోతలు కోయడం నేర్పిన బడి అదే.

కానీ ఒక చోట మాత్రం ఆ ఆట సాగలేదు.

ఊరి బయట, వంక దాటాక, గొర్రెలు కాసే కురుబవాళ్ళ పల్లె, కురుబ హట్టి ఉండేది. రాతి గోడల దొడ్లు, గొర్రెల మెడల్లో గంటలు, పొద్దున్నే పొయ్యి మీద కంబళ్ళకు పెట్టే చింతగింజల గంజి ఉడికే వాసన, గుంత మగ్గంలో కాళ్ళు దించి కూర్చొని కంబళి నేసే ముసలాయన. ఆ ముసలాయన కోడలు లింగమ్మ. పొడుగు మనిషి, మాట తక్కువ. హట్టిలో నీళ్ళు లేక మా బోరింగు దాకా బిందె మీద బిందె పెట్టుకొని నడిచి వచ్చేది, వచ్చినప్పుడు కొంగులో మూట కట్టిన జున్ను ముక్క నా చేతిలో పెట్టేది. లింగమ్మకు మొదటి బిడ్డ పుట్టి పేరు పెట్టేనాడు తాతకు తాలూకాఫీసులో పని పడింది. రుమాలు పోయింది. కాయ పీకేనాటికి ఆ బిడ్డ లేదు. రెండో బిడ్డప్పుడు హొసకోటలో ఎవరిదో పెళ్ళి. రుమాలు పోయింది. ఆషాఢం గాలి అణిగేలోపల ఆ బిడ్డా లేదు. లింగమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. బోరింగు కాడ ఆడవాళ్ళు మాత్రం గొంతు తగ్గించుకొని, రుమాలు పెద్దోళ్ళ పనులకు చాలుతాది గానీ తొట్టెలకు చాలదేమో అనుకున్నారు. ఆ మాట తాత చెవిన పడింది. ఆ పూట ఆయన ముద్ద ముందర కూర్చొని, పులుసు గట్టిపడేదాకా దాన్ని చూస్తూ ఉండి, లేచి పోయాడు.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు లింగమ్మ మా ఇంటి మెట్టు దాకా వచ్చి నిలబడింది.

“ఈసారి రుమాలు వద్దప్పా. నువ్వే రావల్ల” అంది.

“నేనే వస్తా లేమ్మా” అన్నాడు తాత.

బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. పేరు పెట్టే రోజు శ్రావణంలో పడింది. దానికి ముందురోజు తాలూకాఫీసు జీపు వచ్చి ఒక కబురు చెప్పి పోయింది. పక్క ఊళ్ళో కొత్త నీళ్ళ ట్యాంకు తెరవడానికి మినిస్టరు వస్తున్నాడు, సరిగ్గా అదే వేళకు, మా చేర్మన్ తప్పకుండా ఉండాలి. ఆ ట్యాంకు నుంచి ఇంకో పైపు ఎటు పోవాలో ఆ రోజు అడిగినవాళ్ళకే దక్కుతుందట. తాత ఆ పైపును ఎవరికి అడగాలనుకున్నాడంటే, ఆ హట్టికే. అదీ ఆయనకు వచ్చిన చిక్కు. ఆ పూటంతా అరుగు మీద అటూ ఇటూ నడిచి, పొద్దున్నే రుమాలు చుట్టుకొని, భుజం మీది గళ్ళ తువ్వాలు తీసి మడతపెట్టి పళ్ళెంలో వేసి, దాన్ని హట్టికి తీసుకపొమ్మని ఓబన్నకు ఇచ్చాడు.

అవ్వ రోటి దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు. “రుమాలు పోయి తువ్వాలుకొచ్చిందా. ఇంగో బిడ్డ పుడితే చెప్పులు పంపిస్తావేమో” అంది.

తాత చెప్పులు తొడుక్కొని వీధిలోకి దిగాడు. జీపు చావడి ముందర నిలబడి ఉంది. నేను రిబ్బన్లు వేసుకొని సిద్ధంగా ఉన్నాను, మినిస్టరు వచ్చే చోట లడ్డూలు ఉంటాయని నాకు నమ్మకమైన కబురు. తాత జీపులోకి కాలు పెట్టబోతుండగా ఓబన్న వంక దిగి ఎదురొచ్చాడు. పళ్ళెం ఖాళీగా ఉంది.

“తువ్వాలు యాడరా?”

“తొట్టెల తాడుకు కట్టేసిందప్పా. ఆ గుడ్డ యా తలదో ఆ తల వచ్చి బిడ్డను తొట్టెల్లో ఏస్తే గానీ ముడి విప్పేది లేదంట.”

“కోపంగా అన్నిందా?”

“అరిసింటే నేనే సర్దిచెప్పి వచ్చిందును. మెల్లిగా చెప్పింది.”

డ్రైవరు హారను కొట్టాడు. “టైమైతాండాది సార్” అన్నాడు. తాత జీపు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టుకొని అట్లే నిలబడ్డాడు. కానుగ చెట్టు పూలు రాలుతున్నట్టు గుర్తు నాకు, శ్రావణంలో కానుగ పూయదని అంటారు, అయినా నాకు రాలుతున్నట్టే గుర్తు. అప్పుడు ఆయన రెండు చేతులూ ఎత్తి, నిండు కుండను దించుకొన్నట్టు, చుట్టిన రుమాలును చుట్టినట్టే తల మీదినుంచి దించి ఖాళీ పళ్ళెంలో పెట్టాడు.

“ఓబా, మినిస్టరు కాడికి దీన్ని తీసుకపో.”

“నేనా అప్పా? ఆడ ఏమని చెప్పల్ల?”

“తలకు పని పడింది, రుమాలు వచ్చిందని చెప్పు. హట్టికి నీళ్ళు కావల్లని చెప్పు.”

జీపు ముందు సీట్లో రుమాలు, వెనక ఓబన్న కూర్చొని దుమ్ములో కలిసిపోయారు. లడ్డూలు పోయినందుకు నాకు ఏడుపు రావాలి, కానీ రాలేదు, ఎందుకంటే నేను తాత తలను చూస్తున్నాను. అంతవరకు దాన్ని ఎండలో చూసిందే లేదు. నొసటి దాకా రాగి ముద్ద రంగు, అక్కడినుంచి పైకి ఎండ ఎరగని తెలుపు, ఇద్దరు మనుషులను ఎవరో కలిపి కుట్టినట్టు ఉంది. ఇద్దరం వంక దారి పట్టాం. దారిలో నీళ్ళు మోసేవాళ్ళు తాతను చూసి బిందెలు దించారు. కలుపు తీసేవాళ్ళు నడుములు ఎత్తారు. ఎవరూ పలకరించలేదు, ఒక్కొక్కరే చప్పుడు చేయకుండా మా వెనక వచ్చి చేరుతున్నారు. వంక మధ్యలో ఒకాయన దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “ఎవురప్పా పోయింది?” అని అడిగాడు.

తాత చెయ్యి తల మీదికి పోయి, అక్కడే నిలిచిపోయింది. మా వైపు పెద్దమనిషి తలకు గుడ్డ లేకుండా వీధిలో నడిచేది పాడె వెనకాల మాత్రమే. ఆ తొందరలో ఆయనకు అది తోచలేదు. తిరిగి ఇంటికి పోతే వేళ దాటిపోతుంది. ముందుకు పోతే చావు ముఖంతో తొట్టెల ఇంటికి పోవాలి. ఆయన ముందుకే నడిచాడు. నా వేలు మాత్రం గట్టిగా పట్టుకొన్నాడు.

హట్టిలో పాట పాడుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని, మా వెనక మౌనంగా వచ్చిన ఊరిని చూసి ఆపేశారు. అంత మంది ఉండి కూడా గొర్రెపిల్ల ఒకటి పాలు తాగే చప్పుడు వినపడింది. తాత గుడిసె గడపకు ఇవతలే నిలబడ్డాడు. లోపల తొట్టెల తాడుకు ఆయన తువ్వాలు కనపడుతూనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది, తలకు చుట్టుకోవచ్చు. కానీ బిడ్డను వేయకముందే తొట్టెలకు కట్టిన ముడి విప్పడమంటే బిడ్డనే విప్పేసినట్టు, ఆ మాట ఎవరూ చెప్పకపోయినా అక్కడ నిలబడ్డ ప్రతివాళ్ళకూ తెలుసు. లింగమ్మ ఒళ్ళో బిడ్డను పెట్టుకొని తాత తల వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు లేదు.

“తిరిగి పోతా లేమ్మా” అన్నాడు తాత. ఆయన గొంతు అంత చిన్నదిగా ఉండగలదని నాకు అంతకుముందు తెలియదు.

లింగమ్మ బిడ్డను పక్కామె చేతికిచ్చి లేచింది. తొట్టెల పక్కన, బిడ్డ కోసం మామ నేసిన కొత్త నల్ల కంబళి ఉంది. ఇంకా గంజి బిరుసు పోలేదు. దాన్ని తీసుకొని దులుపుతూ గడప దాకా వచ్చింది.

“వంగప్పా” అంది.

ఊళ్ళో అందరూ ఎవరికి వంగేవాళ్ళో ఆయన, ఆ బోదకప్పు చూరు కింద వంగాడు. కంబళి తలకు చుట్టే గుడ్డ కాదు. అది చుట్టుకోదు, నిలబడుతుంది. లింగమ్మ దాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి బిగించి వెనక్కి జరిగితే, తాత నెత్తి మీద ఎలుగుబంటి ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంది. నేనే ముందు నవ్వాను. ఆ తరువాత ఎవరో ముసలమ్మ నవ్వింది. ఆ తరువాత, ఏడవడానికని వెంట వచ్చిన ఊరంతా నవ్వింది. తాత కళ్ళు తుడుచుకొంటూ బొచ్చు గుచ్చుకొంటాండాది అన్నాడు.

“ఏం పేరు అనుకున్యారు?” అని అడిగాడు లోపలికి వచ్చి.

“తిప్పమ్మ” అన్నారు ఎవరో. ముందు బిడ్డలు దక్కని ఇంట్లో అలాంటి పేర్లే పెడతారు, కసువు తిప్ప, అంటే చెత్తకుప్ప, పేరు పెడితే ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకొని చావు దారి తప్పి పోతుందని.

తాత బిడ్డను చేతుల్లోకి తీసుకొని చాలాసేపు చూశాడు. “మా యమ్మ పేరు రంగమ్మ. పండ్లన్నీ ఊడి మళ్ళా మొలిసిందాకా బతికింది. ఆ పేరులో ఇంకా ఆయుస్సు మిగిలుంటాది. అది పెడదాం.”

లింగమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. “మిగిలుంటాదా అప్పా?”

“ఉంటాది. నేను చూసినా గదా.”

ఆమె తల ఊపింది. తాత బిడ్డ చెవి దగ్గరికి వంగాడు. వంగేసరికి కంబళి జారి ఆయన ముఖాన్నీ బిడ్డనూ కప్పేసింది. లోపల ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు. నల్లటి కంబళి ఒకటి ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా కదిలింది, అంతే. ఆ తరువాత తానే బిడ్డను తొట్టెల్లో వేసి, తువ్వాలు ముడి విప్పి లింగమ్మ చేతికిచ్చి, తానే ఊపుతూ కూర్చున్నాడు. ఆ రోజు ఇంకెక్కడికీ పోలేదు. ముద్ద, ఆకుకూర పప్పు తిని, గొర్రెలు గంటలు మోగించుకొంటూ దొడ్లకు తిరిగి వచ్చిందాకా ఊపుతూనే ఉన్నాడు. ఎర్రటి దుమ్ములో దీపం పెట్టే వేళకు మేము తిరిగి వస్తుంటే, తాత నెత్తి మీది ఎలుగుబంటి కూడా నిద్రపోయినట్టు ఒక పక్కకు వాలింది.

మినిస్టరు దగ్గర ఏమయిందో నేను చూడలేదు. ఓబన్న మాత్రం పళ్ళెం మోసుకొంటూ కాలినడకన వచ్చాడు. వచ్చిన పూట, మినిస్టరు తన మెడలో దండ తీసి రుమాలుకు వేశాడన్నాడు. మరుసటి రోజు, మినిస్టరు వానలెట్లున్నాయని అడిగితే రుమాలు పెదవి విరిచిందన్నాడు. వారం తిరిగేసరికి, ఉపన్యాసం నచ్చక రుమాలు తనంతట తానే లేచి వచ్చిందనీ, తాను పళ్ళెం పట్టుకొని దాని వెంట పరిగెత్తాననీ చెప్పాడు. జీపు డ్రైవరు చెప్పింది వేరు. రుమాలును ఎవరో కుర్చీలోంచి తీసి, వేదిక వెనక సోడాల పెట్టె మీద పెట్టారట. ఓబన్న నీళ్ళ మాట ఎత్తితే, చేర్మన్ వస్తే చూద్దాం పొమ్మన్నారట. పైపు వేరే దిక్కుకు పోయింది. లింగమ్మ ఇంకా చాలా ఏండ్లు బిందె మీద బిందె పెట్టుకొని వంక దాటి వచ్చింది. మినిస్టరుకు పాత గుడ్డ పంపించిన చేర్మన్ మనకెందుకని ఊళ్ళో సణిగినవాళ్ళు సణిగారు, వచ్చిన ఎన్నికల్లో తాత ఓడిపోయాడు. సోమవారం కానుగ చెట్టు కింద ఇంకొకాయన కూర్చున్నాడు. అవ్వ ఆ తెల్ల రుమాలును చించి మా అత్త కాన్పుకు పొత్తిగుడ్డలు చేసింది.

లింగమ్మ ఆ నల్ల కంబళిని తిరిగి తీసుకోలేదు. చలికాలమంతా తాత తల మీద అదే ఉండేది. ప్రతి సంక్రాంతికీ లింగమ్మ వచ్చేది, మొదట రంగమ్మను చంకలో ఎత్తుకొని, తరువాత చెయ్యి పట్టుకొని. తరువాత రంగమ్మ ఒక్కతే పరిగెత్తుకొంటూ వచ్చి, తాత తల మీది కంబళి లాగి గాదెలో దాచేది. తాత ఆమె నోరు తెరిపించి పండ్లు చూసి, “మా యమ్మకు ఇంగా ఎక్కువ ఉండె” అనేవాడు. ఆ ఏడాది నుంచే సైకిలు మీద నర్సమ్మ ఒకామె హట్టికి వచ్చి బిడ్డలకు సూదులు వేయడం మొదలుపెట్టిందని కొందరు గుర్తు చేస్తారు. నిజమే. నా కథలో ఆ సైకిలు కూడా ఉంది, కాకపోతే కొంచెం వెనకగా వస్తుంటుంది. తాత పోయినప్పుడు కంబళి రంగమ్మ ఇంటికి చేరింది.

ఆ రంగమ్మే ఇప్పుడు మా అధ్యక్షురాలు. మొన్న పొద్దున్నే నాకు ఫోను చేసింది. “అక్కా, హట్టిలో బిడ్డకు పేరు పెడతాండారు. ఆ యమ్మకు పోయినసారి దక్కలేదు. నేను ఆడికి పోవల్ల. ఆఫీసర్ల కాడికి కంబళిని పంపిస్తాండా, నువ్వు దాని వెనకాల కూచో, ఎవురన్నా తీసేస్తారు” అంది. అందుకే పావగడ నుంచి మొదటి బస్సెక్కి వచ్చి ఆ షామియానా కింద కూర్చున్నాను. నా చిన్నప్పుడు ఓబన్న చేసిన ఉద్యోగం అది.

శనక్కాయ చేలు పలకల కిందికి పోయాయి, పొలాలకు ఏటా కౌలు డబ్బులు వస్తున్నాయి, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. బయలు చుట్టూ కంచె పడ్డాక గొర్రెలకు మేత లేక మందలు పలచబడ్డాయి. మగ్గం గుంతను పూడ్చి దాని మీద బండలు పరిచారు. ఆషాఢం గాలి ఇప్పుడు కంచె తీగల మీద సన్నగా ఈల వేస్తుంది గానీ, ఎవరినీ ఎత్తుకొని మంగళవాడలో దించదు. చేర్మన్లు రాలేని చోట ఫ్లెక్సీల్లో వాళ్ళ ఫొటోలు నిలబడి నమస్కారాలు పెడుతున్నాయి. నేను కుర్చీలోని కంబళినే చూస్తూ కూర్చున్నాను. దాని మడతలో పురుగు కొట్టిన చిల్లు ఒకటి ఉంది, ఆ చిల్లులోంచి ఎర్ర మఖమలు కనపడుతోంది. ఇది చిరిగితే ఇంకోటి నేసే చెయ్యి చుట్టుపక్కల లేదు.

ఉపన్యాసాలు అయ్యాక తినుబండారాల డబ్బాలు పంచారు. కుర్ర ఆఫీసరు కంబళి కుర్చీ దగ్గర కాసేపు తటపటాయించి, డబ్బా ఒకటి దాని ఒడిలో పెట్టాడు. పెట్టి, నా వైపు తిరిగాడు. “దాని తరఫున నేను తింటాను. ఆచారం” అని డబ్బా తీసుకొన్నాను. కాసేపయ్యాక, “కంబళికి మైసూరుపాకు నచ్చిందట, ఇంకోటి ఉంటే చూడమంటోంది” అన్నాను. అతను నవ్వకుండా పోయి తెచ్చాడు. మంచి పిల్లాడు.

అప్పుడే సంచిలో ఫోను మోగింది.

“తొట్టెల్లో ఏసినామక్కా. ఊపతానే పండుకొనింది” అంది రంగమ్మ మెల్లగా, పక్కన బిడ్డ ఉన్నట్టు.

“ఏం పేరు పెట్టినారు?”

“మా యమ్మ పేరే. లింగమ్మ అని.” లింగమ్మ ముదిమి దాకా బతికి, మొన్నటి చలికాలంలో నిద్రలోనే పోయింది. ఫోనులో కాసేపు తొట్టెల తాడు కిర్రుమన్న చప్పుడు వినపడింది. “ఇంగా మిగిలుంటాది గదక్కా ఆ పేరులో?”

“ఉంటాది. నేను చూసినా గదా” అన్నాను.

చినుకులు ఎప్పుడో ఆగిపోయాయి. ఎండకు పలకలన్నీ ఒక్కసారిగా మెరిశాయి. నేను లేచి కంబళిని రెండు చేతులతో ఎత్తుకొన్నాను. అది ఆరిపోయింది. ముఖం దగ్గర పెట్టుకొని చూశాను, వాసన లేదు.